దేవుడి కాగితం

పొద్దున్న ఆరున్నరకల్లా అర్జీల మాస్టారు మునిసిపల్ ఆఫీసు ప్రహరీగోడ పక్కన తన బల్ల వేసేసేవారు. బల్ల అంటే పెద్దదేమీ కాదు, రెండు మోచేతులు ఆనిస్తే నిండిపోయేది. ఒక కాలు కురచ. దాని కింద మడిచిన అట్టముక్క పెట్టి, బల్ల ఊగడం లేదని అరచేత్తో నొక్కి చూసుకుని, భుజం మీది తువ్వాలుతో దుమ్ము తుడిచేవారు. తుడుస్తున్నంతసేపూ పెదవులు కదులుతుండేవి. కొత్తగా చూసినవాళ్ళకి ఆయన దుమ్ముతో మాట్లాడుతున్నట్టుండేది గానీ, అది ఆయన ప్రార్థన. "తండ్రీ, మొదటిది నీది" అన్న ఒక్క మాటే, మళ్ళీ మళ్ళీ. ఆ తర్వాత ఎదుటి బెంచీ మీద ఎవరు ముందు వచ్చి కూర్చుంటే వాళ్ళని పిలిచి, వాళ్ళకి కావలసిన అర్జీ పైసా తీసుకోకుండా రాసిచ్చేవారు. రోజుకి ఒక్కటే. దానికి ఆయనే పేరు పెట్టుకున్నారు, దేవుడి కాగితం అని.

ఆ కాగితం రాయడం చూసి తీరాలి. వచ్చినవాళ్ళని ముందు మాట్లాడనిచ్చేవారు. కుళాయి కోసం వచ్చినావిడ అత్తగారితో మొదలుపెట్టినా ఆపేవారు కాదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, అత్తగారు అయ్యేదాకా, ఆడపడుచు అయ్యేదాకా, కథ మెల్లగా కుళాయి దగ్గరకి వచ్చేదాకా వినేవారు. విన్నదంతా ఏదో పాత కాగితం వెనక చిత్తుగా రాసేవారు. రాసింది పైకి చదివి, "ఇంతేనా తల్లీ, ఇంకేమైనా మిగిలిపోయిందా?" అని అడిగేవారు. ఏదో ఒకటి మిగిలే ఉండేది. అదీ చేర్చి, అప్పుడు తెల్లకాగితం మీద సాపు రాసి, జతపరచాల్సినవి వరసగా పెట్టి గుండుసూది గుచ్చి, ఏ కిటికీ దగ్గర ఇవ్వాలో వేలితో చూపించి పంపేవారు. ఇదంతా అయ్యేసరికి గంట దాటేది.

ఎనిమిది దాటాక డబ్బు పుచ్చుకుని రాసేవి మొదలయ్యేవి. వాటి తీరు వేరు. ఇంటిపన్నుకి ఒకటి, కుళాయికి ఒకటి, పింఛనుకి ఒకటి, వీధిలో కొట్టు పెట్టుకునే చోటుకి ఒకటి, ఇలా ఏడెనిమిది నమూనాలు ఆయన అట్టకి క్లిప్పుతో బిగించి ఉండేవి. వచ్చినవాళ్ళ పేరూ, ఊరూ, చిరునామా కనుక్కుని, మిగతాది నమూనా చూసి దించేసేవారు. పది నిమిషాలకొకటి. ఆ డబ్బు కూడా చేత్తో పుచ్చుకునేవారు కాదు. మూతకి చీలిక పెట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి బల్ల చివర ఉండేది. జనం అందులో వేస్తుంటే ఆయన తలెత్తి, బల్లకి నీడగా కట్టుకున్న గొడుగు ఊచలకేసి చూస్తుండేవారు. ఎంత వేశారో, అసలు వేశారో లేదో చూసేవారు కాదు. సాయంత్రం ఆ డబ్బా అలాగే తీసుకెళ్ళి భార్య చేతిలో పెట్టేవారు.

"మీరు చూడకపోయినంత మాత్రాన కిరాణా కొట్టువాడు చూడకుండా ఊరుకుంటాడా?" అని ఆవిడ నవ్వేది.

ఆయన అలా తయారవడానికి ఒక కారణం ఉంది. మాస్టారి తండ్రి బండి తోలేవాడు. ఇంట్లో ఎవరికీ అక్షరం ముక్క రాదు. పల్లె బడిలో పంతులొకాయన ఈయన చురుకుదనం చూసి, బడి అయ్యాక కూడా కూర్చోబెట్టుకుని, ఏమీ ఆశించకుండా చదువు చెప్పాడు. తల్లి ఒకనాడు పెరట్లో కాసిన గుమ్మడికాయ చంకన పెట్టుకుని ఆ పంతులింటికి వెళితే, "వీడికి ఇచ్చింది నాది కాదమ్మా, నాకూ ఎవరో ఊరికే ఇచ్చిందే" అని కాయతో సహా తిప్పి పంపేశాడు. ఆ తల్లి దారిపొడుగునా ఏడుస్తూ వచ్చింది. ఇంటికొచ్చి కొడుకుని దగ్గరికి తీసుకుని, "ఊరికే వచ్చిన అక్షరాన్ని ఎప్పుడూ అమ్ముకోకు నాయనా, పైవాడు అడుగుతాడు" అంది. తొమ్మిదేళ్ళ వయసులో విన్న మాట. అలాంటివి ఎముకలోకి దిగిపోతాయి.

పెద్దయ్యాక ఆయన ఒక గోదాములో లెక్కల గుమాస్తాగా చేరారు. బస్తాలు లెక్కపెట్టినందుకు జీతమిస్తున్నారు, అక్షరానికి కాదు అని సర్దిచెప్పుకున్నారు. నలభై ఏడో ఏట గోదాము మూతపడింది. ఇంట్లో పొయ్యి వెలగాలి. చేతిలో ఉన్నది అక్షరం ఒక్కటే. చేసేది లేక ఆఫీసు గోడ పక్కన బల్ల వేశారు. తల్లి అప్పటికే లేదు గనక మందలించేవాళ్ళు లేరు. అందుకే ఆయన్ని ఆయనే మందలించుకునేవారు. రోజంతా అమ్ముకునే అక్షరానికి పొద్దున్నే ఒక్క కాగితం ఊరికే ఇస్తే పాపం కాస్తయినా తగ్గదా అని ఆశ.

ఇలా ఏడేళ్ళు గడిచాయి. ఎనిమిదో ఏట, ఎవరు కనిపెట్టారో గానీ, ఊళ్ళో ఒక మాట పాకింది. మాస్టారి దేవుడి కాగితం తిరిగి రాదు అని. మూడేళ్ళుగా మూలబడ్డ పింఛను దేవుడి కాగితంతో మూడు వారాల్లో వచ్చింది. ఎవరికో కుళాయి వచ్చింది. ఎవరి ఇంటి గొడవో తీరింది. తర్వాత రాయించుకున్న కాగితాలు మాత్రం ఒకటి వెళితే ఒకటి వెనక్కి వచ్చేవి. ఇంకేముంది, మాస్టారి చెయ్యి మంచిదన్నారు, ఆ మొదటి ఘడియలో ఏదో ఉందన్నారు. బట్టల కొట్టు యజమాని ఒకాయన కారు పక్కవీధిలో ఆపి, తన కాపలావాడి చెప్పులు వేసుకుని, పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మాస్టారు ఆయనకీ రాసిచ్చారు. ముందొచ్చింది ఆయనే కదా, దేవుడి కాగితానికి వచ్చినవాళ్ళ జేబు తడిమి చూడకూడదని ఆయన నియమం.

దాచడమెందుకు, మాస్టారికి కూడా లోపల కొంచెం తీపిగానే ఉండేది. ఇచ్చింది పైవాడికి అందిందన్నమాట అనుకునేవారు. పైగా మొదటిది దొరకనివాళ్ళు రెండోదైనా ఆ చేతితోనే రాయించుకుందామని కూర్చునేవారు గనక డబ్బా మునుపటి కంటే తొందరగా నిండేది. రోజుకి పాతిక కాగితాలు. ఇంటికప్పు బాగుచేయించారు. భార్య ఒక ఫ్యాను కొంది. మాస్టారు మాత్రం ఆ ఫ్యాను కింద కూర్చునేవారు కాదు. చెమటలు కక్కుతూ వసారాలో కూర్చునేవారు.

"ఎందుకండీ ఈ చాదస్తం? గాలికి కూడా పాపం అంటుతుందా?" అని భార్య అడిగితే, "నాకు ఇక్కడే హాయిగా ఉంది" అని విసనకర్ర అందుకునేవారు.

మెల్లగా ఆ బెంచీ దగ్గర ఇంకో మనిషి వెలిశాడు. ఏ పనీ నిలకడగా చెయ్యనివాడు. చీకటితో వచ్చి బెంచీ మీద మొదటి చోట కూర్చునేవాడు. ఆరుంపావుకి ఎవరైనా ఆదుర్దాగా వస్తే వాళ్ళ దగ్గర ఇంత పుచ్చుకుని లేచిపోయేవాడు. జనం వాణ్ణి తొలిమనిషి అనేవారు. మాస్టారు రెండుసార్లు కోప్పడ్డారు. "నేనేం చేశాను మాస్టారూ? నా కాళ్ళు, నా కూర్చోవడం, నా లేవడం. మీ దేవుడి జోలికి నేను వెళ్ళలేదే" అన్నాడు వాడు.

ఒకరోజు పొద్దున్న అదే బెంచీ దగ్గర పెద్ద రభస జరిగింది.

రభస చేసింది ఇస్త్రీ ఆవిడ. ఆఫీసు గేటు దాటి బస్సులకేసి తిరిగే మూల మీద తోపుడుబండి పెట్టుకుని, బొగ్గుల పెట్టెతో బట్టలు ఇస్త్రీ చేసేది. భర్త పోయి చాలాకాలమైంది. ఇద్దరాడపిల్లల్ని ఆ పెట్టె మీదే పెంచింది. ఇప్పుడు ఆ మూలే పోయేలా ఉంది. అయిదేళ్ళకు మించి ఒకేచోట పనిచేసుకుంటున్నవాళ్ళకి మాత్రమే అనుమతి కార్డులిచ్చి, తక్కినవాళ్ళని నెలాఖరుకి లేపేస్తామని ఆఫీసువాళ్ళు చెప్పారు. ఆవిడ మాస్టారితో అర్జీ రాయించుకుని మూడో కిటికీలో ఇచ్చింది. తిరిగొచ్చింది. మళ్ళీ రాయించుకోమంటే మళ్ళీ రాయించుకుంది. అదీ తిరిగొచ్చింది. మూడోసారి దేవుడి కాగితమే కావాలని తెల్లవారకముందే వచ్చి కూర్చుంటే, తొలిమనిషి తన కంటే ముందున్నాడు. వాడు తన చోటుని ఎవరో కాంట్రాక్టరుకి ఇచ్చేసి లేచాడు. ఇలా వరసగా ఇది మూడోరోజు.

"లేవయ్యా, లే" అంది ఆవిడ కాంట్రాక్టరుతో. "నీకేం తొందర? ఇవాళ కాకపోతే రేపు కట్టుకుంటావు మేడ. నాకు నాలుగే రోజులున్నాయి."

"నేను ముందొచ్చాను" అన్నాడాయన, మొహం పక్కకి తిప్పుకుని.

"నువ్వు రాలేదు, నీ డబ్బొచ్చింది."

మాస్టారు బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చారు. "అమ్మా, కోప్పడకు. వీరిది అవగానే నీది రాస్తాను. డబ్బు కూడా వద్దు."

"డబ్బెవరడిగారు మాస్టారూ? రెండుసార్లు మీ డబ్బాలో వేశాను, వెయ్యలేదనుకుంటున్నారా? మీరు చూడరుగా. ఊరికే రాసిమ్మని నేను రాలేదు. తిరిగిరానిది రాసిమ్మని వచ్చాను." కొంగులోంచి తిరిగొచ్చిన కాగితం తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. "ఒక్కమాట చెప్పండి. మీ దేవుడు రోజుకి ఒక్క కాగితమే చదువుతాడా? రెండో కాగితానికి కళ్ళు మూసుకుంటాడా?"

బెంచీ మీద ఎవరో నవ్వారు. మాస్టారు నవ్వలేకపోయారు. ఆవిడ పెట్టెలో బొగ్గులు రాజేసుకోవాలని వెళ్ళిపోయింది. కాగితం బల్ల మీదే ఉండిపోయింది.

ఆ పూట కాంట్రాక్టరుకి రాసిన దేవుడి కాగితం ఎలా రాశారో ఆయనకే తెలియదు. ఎంతసేపూ ఆ ప్రశ్నే. తన మొదటి కాగితాన్ని దేవుడు మెచ్చాడనుకుని ఇన్నాళ్ళూ మురిశారు. అలాగైతే ఈ తల్లి కాగితాన్ని ఆ దేవుడు ఎందుకు తోసేశాడు? ఒకవేళ అమ్ముకున్న అక్షరం గనక తోసేశాడా? అలాగైతే తన పాపానికి ఆవిడ మూల పోవడమేమిటి? ఆ ఆలోచన వచ్చాక మాస్టారు కూర్చోలేకపోయారు. మధ్యాహ్నం భోజనాల వేళ బల్ల మీద తువ్వాలు కప్పి, మూడో కిటికీ దగ్గరకి వెళ్ళారు.

మూడో కిటికీలో కూర్చునే ఉద్యోగినిని అందరూ కిటికీ అమ్మగారనేవారు. కిటికీ రెక్క వేసి, డబ్బా విప్పుకుని తింటోంది. మాస్టారిని చూసి పక్క తలుపు తీసి కుర్చీ చూపించింది.

"అమ్మగారూ, ఒక సంగతి అడగాలి. నా పొద్దుటి కాగితం మీద మీ ఆఫీసులో ఏదైనా నమ్మకం లాంటిది ఉందా?"

ఆవిడకి అర్థం కాలేదు. మాస్టారు విప్పి చెప్పారు. విని, ముద్ద నోట్లో ఉండగానే నవ్వింది. మంచినీళ్ళు తాగి, చేతులు కడుక్కుని వచ్చింది. "నమ్మకమా నా మొహమా. పొద్దున్నే వచ్చేది మీ కాగితమని చూడగానే తెలుస్తుంది మాస్టారూ. అన్నీ ఉంటాయి. ఎవరు, ఎప్పట్నుంచి, ఎవరు సాక్షి, ఏం జత చేశారు. నేను ముద్ర వేసి పైకి పంపడం తప్ప ఇంకేం చెయ్యక్కర్లేదు. తర్వాత వచ్చేవి చూస్తే మీరు రాసినట్టే ఉండవు. ఇదిగో, ఇది ఇవాళ్టిది, పొద్దుటిది. మీ చేతిలోది ఎప్పటిది?"

మాస్టారు ఇస్త్రీ ఆవిడ కాగితం ఇచ్చారు. అమ్మగారు రెండూ పక్కపక్కన పెట్టి ఆయన వైపు తిప్పింది. "మీరే చదవండి."

చదివారు. తన రాతే. పేరు, చిరునామా సరిగ్గానే ఉన్నాయి. కింద నాలుగో వాక్యం దగ్గర వేలు ఆగిపోయింది. "సదరు స్థలంలో నేను ఇంతకుముందు ఎటువంటి వ్యాపారమూ చేసి ఉండలేదని మనవి." అది నమూనాలోని వాక్యం. కొత్తగా చోటు అడిగేవాళ్ళ కోసం ఎప్పుడో రాసిపెట్టుకున్నది. ఏళ్ళ తరబడి అదే మూల మీద నిలబడి ఇస్త్రీ చేసిన మనిషి చేత, నేనిక్కడ ఎప్పుడూ పనిచెయ్యలేదని ఆయన చెప్పించారు. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి కూడా అదే నమూనా చూసి దించారు. చదువురాని ఆవిడ కింద వేలిముద్ర వేసింది.

"ఇలాంటివి ఎన్ని తిరిగెళతాయమ్మగారూ?" అని అడిగారు.

"మీవే వారానికి పది, పన్నెండు."

"నాకు చెప్పలేదేం?"

"మళ్ళీ రాయించుకోండని వాళ్ళకి చెప్తూనే ఉన్నాను. మీ దగ్గరకే వచ్చి అడుగుతారనుకున్నాను. వాళ్ళేమో రాశి బాగాలేదనుకుని పొద్దున్నే మీ బెంచీ మీద కూర్చుంటున్నారన్నమాట." "నాదీ తప్పుందిలెండి. ఫలానా వాక్యం తప్పని చెప్పి ఉండాల్సింది. వరస అంత పొడుగ్గా ఉంటే మనిషి మొహం కూడా కనపడదు."

మాస్టారు బల్ల దగ్గరకి వెళ్ళి, కూర్చున్నవాళ్ళకి దణ్ణం పెట్టి, ఇవాళ్టికి రాయలేనని చెప్పి ఇంటికి వెళ్ళిపోయారు. సాయంత్రం కాకముందే ఇంటికొచ్చిన మనిషిని చూసి భార్య కంగారుపడి నుదురు తడిమింది. జ్వరం లేదు. ఆయన వసారాలో కూర్చుని జరిగినదంతా చెప్పారు. చివరికి, "అమ్మ చెప్పనే చెప్పింది. అమ్ముకున్నాను. పైవాడు అడుగుతున్నాడు" అన్నారు.

భార్య ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా ఇరవై రెండేళ్ళు పనిచేసి మానేసింది.

"నేను నెలనెలా జీతం తీసుకునేదాన్ని కదా. లెక్కపెట్టుకుని మరీ తీసుకునేదాన్ని. జీతం తీసుకుంటున్నానని ఏ బిడ్డనైనా వదులుగా పట్టుకున్నానా?"

మాస్టారు తలెత్తారు.

"అత్తయ్య అమ్ముకోవద్దంది. ఆ తల్లి చూసిన లోకంలో అమ్మడమంటే తూకం తగ్గించడమే అనుకుంటా. ఆవిడకి బేరగాళ్ళంటే ఎంత భయమో మీకు తెలియదా. మీరేం చేశారు? డబ్బు పాపమన్నారు. డబ్బుని ముట్టుకోకూడదనుకుని, డబ్బు తెచ్చే పనిని కూడా ముట్టీముట్టనట్టు చేశారు. ఊరికే ఇచ్చేదానికి గంటసేపు కూర్చున్నారు. కూలి ఇచ్చినవాళ్ళకి పది నిమిషాలు. పాపం ఎక్కడుందో మీరే చూసుకోండి. డబ్బాలో మటుకు లేదు."

"ఇప్పుడేం చెయ్యను?"

"ఏం చెయ్యడమేమిటి? అన్నీ పొద్దుటిదానిలా రాయండి."

"అన్నీ అలా రాస్తే రోజుకి ఎన్నవుతాయే? ఎనిమిది. మహా అయితే తొమ్మిది."

"నాకు తొమ్మిదితో సంసారం నడపడం రాదా? గోదాము మూసినప్పుడు సున్నాతో నడిపాను."

మాస్టారికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఎనిమిదేళ్ళుగా మోస్తున్నదేదో భుజం మీంచి జారినట్టయింది. తప్పు జరిగింది, నిజమే. కానీ అది దిద్దుకోగల తప్పు. పెన్ను పట్టి కూలి తీసుకున్నందుకు దేవుడు కోపగించి ఎవరి మూలో లాక్కోవడం లేదు. ఆ పైవాడు చదవనివాడు కాదు. చదివించేలా తను రాయలేదు, అంతే. భార్య లోపలికి రమ్మంది. లోపల మంచం మీద, ఫ్యాను కింద, మొదటిసారి కూర్చున్నారు. గాలి మామూలు గాలే. చల్లగా ఉంది.

మర్నాడు బల్ల తుడుస్తూ అలవాటు కొద్దీ పెదవులు కదిపారు గానీ, "మొదటిది" దగ్గర ఆగి, "అన్నీ నీవే తండ్రీ" అని దిద్దుకున్నారు. అట్టకి బిగించిన నమూనాలన్నీ ఊడదీసి సంచిలో పెట్టేశారు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళతో, "ఇవాళ్టినుంచి దేవుడి కాగితం వేరే లేదు. అందరిదీ ఒకేలా రాస్తాను. అందరూ కూలి ఇవ్వాలి. ఇవ్వలేనివాళ్ళు నా చెవిలో చెప్పండి, చాలు" అన్నారు.

కొందరు గొణిగారు. అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నది తొలిమనిషి.

"నా కడుపు కొట్టారు మాస్టారూ."

"నీ కాళ్ళు, నీ కూర్చోవడం. వాటి జోలికి నేను రాలేదు కదా."

వాడు తల గోక్కున్నాడు. "సరేలెండి. ఆసుపత్రి చీటీల దగ్గర వరస ఇంకా పొడుగట. అక్కడ ఇంకా ఎవరికీ జ్ఞానోదయం కాలేదట" అని నవ్వుతూనే వెళ్ళిపోయాడు.

మాస్టారు ఆ బెంచీవాళ్ళని ఒక గంట ఆగమని బతిమాలి, కాగితాల అట్ట చంకన పెట్టుకుని మూల మీదకి నడిచారు. ఇస్త్రీ ఆవిడ పెట్టెలో బొగ్గులు ఊదుతోంది. ఆయన్ని చూసి కూడా ఊదడం ఆపలేదు.

"కాగితం వెనక్కి రావడం నీ రాశి వల్ల కాదమ్మా, నా తప్పు వల్ల" అని, ఆ వాక్యం పైకి చదివి వినిపించారు.

ఆవిడ ఊదడం మానేసి నిటారుగా నిలబడింది. "నేను... ఇక్కడ... పని చెయ్యలేదనా?"

"అవును."

"నా చేత వేలిముద్ర వేయించి?"

"అవును తల్లీ."

ఆవిడకి ఏదో పెద్ద మాటే నోటిదాకా వచ్చినట్టుంది, మింగేసింది. ఇస్త్రీబల్ల మీద పరిచిన దుప్పటి ఒక పక్కకి నెట్టి, చోటు చూపించింది. "రాయండి. ఈసారి నేను చెప్పింది రాయండి."

ఆవిడ చెబుతోంటే ఆయన రాశారు. ఎన్నేళ్ళయిందంటే పెద్దపిల్ల పాలపళ్ళ నుంచి లెక్కకట్టి పదకొండేళ్ళంది. సాపు రాయబోతుంటే ఆపి, "పన్నెండు. మొదటి ఏడాది బండి లేదు, గోనె పరుచుకుని కూర్చున్నాను, అది లెక్కలోకి రాదా?" అంది. "ఎందుకు రాదు?" అని అదీ రాశారు. సాక్షి ఎవరంటే ఎదుటి మందులకొట్టాయన గల్లా వదిలేసి తనే వచ్చి సంతకం పెట్టాడు. పక్కన పళ్ళమ్మే ముసలాయన, "నాదీ రాసుకోండి, ఈ పిల్ల రాకముందు ఈ మూల మీద కుక్కలు పడుకునేవి" అన్నాడు. ఆ కుక్కల సంగతి రాయలేదు గానీ ముసలాయన వేలిముద్ర తీసుకున్నారు. చదివి వినిపించాక, "ఇంకేమైనా మిగిలిందా?" అని అడిగారు.

"కూలి మిగిలింది" అంది ఆవిడ.

"వద్దమ్మా, రెండుసార్లు ఇచ్చావు."

"అవి తప్పుడు కాగితాలకి. వాటి సంగతి మీరూ మీ దేవుడూ చూసుకోండి. దీనికి నేనివ్వాలి. ఊరికే రాయించుకున్నదని తర్వాత ఎవరూ అనకూడదు." నాణేలు ఆయన అరచేతిలో పెట్టింది. ఇక్కడ బల్ల చివర డబ్బా లేదు. గొడుగు ఊచలు లేవు. మాస్టారు ఆ నాణేలకేసి చూశారు, బొగ్గుమసి అంటి ఉన్నాయి. కళ్ళకి అద్దుకుని జేబులో వేసుకున్నారు.

మూడో కిటికీ దగ్గర ఆవిడ వెంట తనూ నిలబడ్డారు. కిటికీ అమ్మగారు పై నుంచి కింది దాకా చదివి, కాగితం మీదా రసీదు మీదా ముద్ర వేసింది. ఆ చప్పుడుకి ఇస్త్రీ ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది.

నెలాఖరున ఆఫీసు మనుషులొచ్చి ఆ వీధిలో నాలుగు బండ్లు తీయించారు. ఆవిడ బండి దగ్గర ఆగి, కిటికీ ముద్రవేసిన రసీదు చూసి ముందుకెళ్ళారు. తర్వాత నెల రెండో వారంలో అనుమతి కార్డు వచ్చింది. ప్లాస్టిక్ సంచిలో పెట్టి బండి గుంజకి కట్టుకుంది. మాస్టారు ఆ కబురు విని, పని ముగించి సాయంత్రం అటు వెళ్ళారు. ఆ రోజు ఎనిమిది కాగితాలు రాశారు. వేళ్ళు నొప్పిగా ఉన్నాయి, మనసు మాత్రం కడిగిన పలకలా ఉంది.

"రండి మాస్టారూ, కూర్చోండి" అని ముక్కాలిపీట తుడిచి వేసింది ఇస్త్రీ ఆవిడ. పెద్దపిల్ల మడతపెడుతున్న బట్టలు వదిలి గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది.

"నాకు నువ్వొక సాయం చెయ్యాలమ్మా" అన్నారు మాస్టారు. ఎవరినీ ఏమీ అడిగిన అలవాటు లేదు గనక మాట తిన్నగా రాలేదు. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టారు. "ఆఫీసులోంచి వచ్చేవాళ్ళందరూ బస్సులకి ఈ మూల తిరిగే పోతారు కదా. కాగితం తిరిగొచ్చినవాళ్ళ మొహాలు నీకు తెలుస్తాయా?"

"తెలియకేం? మొన్నమొన్నటిదాకా నా మొహమూ అదేగా."

"నేను ఎనిమిదేళ్ళుగా పాడుచేసినవి ఎన్నో ఉన్నాయి. వాళ్ళెవరో నాకు తెలియదు, పేర్లు కూడా గుర్తులేవు. కొందరు ఇంకా అవే పట్టుకుని తిరుగుతుంటారు. నా రాత చూస్తే గుర్తుపడతావా? నీకు చదువు రాదని కాదు, చూపుకి..."

"మీ రాత నాకు తెలియకపోవడమేమిటి? మూడుసార్లు గుండెలకి అదుముకుని తిరిగాను. అక్షరాలన్నీ బస్సు అందుకోవడానికి ముందుకి వంగి పరిగెత్తుతున్నట్టుంటాయి."

మాస్టారికి నవ్వొచ్చింది. "అదే. అలాంటి కాగితం ఎవరి చేతిలోనైనా కనపడితే, నీకు వీలున్నప్పుడే, పెట్టె పక్కనపెట్టి వాళ్ళనొక్కసారి ఆపు. రాసినాయన గోడ దగ్గరే ఉన్నాడు, తప్పు ఆయనది, డబ్బేమీ ఇవ్వక్కర్లేదు, వెళ్ళి కూర్చుని మొదట్నుంచీ చెప్పండి, ఆయన వింటాడు అని వెనక్కి పంపు తల్లీ."